జలక్రీడయు మత్స్యగ్రహణమును

రఘువంశమును పాఠము చెప్పు పండితులలో పెక్కురు 16వ సర్గమునందలి జలక్రీడాఘట్టము చేరినతోడనే కుశమహారాజు నంతఃపురకాంతలవైపు మరలుదురు. ఆ శ్లోకము లట్టివి. వారిని తప్పుపట్టఁ బనిలేదు. కాని యా క్రీడకు ముందు కాళిదాసు ఒక చిన్నమాట వేసినాఁడు. రాజు సరయువున దిగుటకుఁ బూర్వము ఆనాయులు నదిలోని మొసళ్లను వెలికిఁ దీసిరఁట. ఆనాయు లనఁగా వలవారు. మల్లినాథసూరి జాలికులని యర్థము చెప్పి ముందునకు సాగినాఁడు. మనమును సాగుచున్నాము. నే నిచ్చట నొకింత నిలువఁదలఁచితిని. ఏలన, మన వాఙ్మయమున నదీవిహార మొకరిది, నదీజ్ఞానము వేఱొకరిది. మొదటిదానికి వర్ణనలు దక్కినవి. రెండవదానికి సూత్రములు, నిఘంటువులు, శాసనములు మాత్రమే దక్కినవి. ఈ రెండింటికి ఋతువుకూడ నొకటి కాదు.

ముందుగా ఆనాయశబ్దమునే చూతము. అష్టాధ్యాయి తృతీయాధ్యాయము తృతీయపాదమున 124వ సూత్రముచేఁ బాణిని దీనిని నిపాతించినాఁడు. ఆఙ్ పూర్వకమగు నీ ధాతువునకు కరణార్థమున ఘఞ్ వచ్చి ఆనాయ మగును. కాని వల యను నర్థముననే యగును, మఱియొకదానికిఁ గాదు. దేనిచేత లోపలినుండి తీరమునకుఁ దెత్తురో యది యానాయము. యజ్ఞపాత్రములకును గోత్రనామములకును సూత్రములు కట్టిన మహర్షి బెస్తవాని చేతిలోని యొక్క పనిముట్టుకొఱకు ప్రత్యేకముగా నొక సూత్రము కట్టినాఁడన్నమాట.

చతుర్థాధ్యాయము చతుర్థపాదమునందలి 35వ సూత్రము ఇంకను రుచిగా నుండును. పక్షులను, మత్స్యములను, మృగములను చంపువాఁడను నర్థమున నది ఠక్ ప్రత్యయమును విధించును. మత్స్యమును చంపువాఁడు మాత్స్యికుఁడు. ఈ సూత్రమున మత్స్యశబ్దముచేత వేనిని గ్రహింపవలెనను చర్చలో భాష్యకారుఁడు చేసిన వ్యవస్థ యిది: చేఁపలలోని జాతివిశేషములకు ప్రత్యయము వచ్చును; పర్యాయపదములకు రాదు. కనుకనే శఫరములను పట్టువాఁడు శాఫరికుఁడు, శకులములను పట్టువాఁడు శాకులికుఁడు. కాని చేఁపకుఁ బర్యాయములైన అనిమిష, అజిహ్మశబ్దములకు ప్రత్యయము లేదు. పర్యాయములలో మీనశబ్దమున కొక్కదానికే మినహాయింపు, మైనికుఁ డగును. శఫరము మన పరిగెవంటి చిన్నచేఁప. శకులమును పెక్కురు కొఱమీనని చెప్పుదురు. ఈ వ్యవస్థను శబ్దసాధుత్వమునకై చేసినదనియే మనము చదివితిమి, చదివించితిమి. లోకము చూచి చేసిన వ్యవస్థ యని నాకుఁ దోఁచుచున్నది. పరిగెలకు పోవువాని వల వేఱు, కొఱమీనునకుఁ గాచియుండువాని నేర్పు వేఱు. వానికి వేర్వేఱు పేళ్లు లోకమున నుండవలసినదే. అనిమిషములనో, కవి కల్పించుకొన్న యే యితరనామమునో పట్టుటకు నీళ్లలో దిగువాఁ డెవఁడును లేఁడు.

మరల సరయువునకు పోదము. క్రీడించుచుండఁగా కుశుని జైత్రాభరణము నీటఁ బడిపోయినది. అది శ్రీరాముఁ డగస్త్యునివలనఁ బొంది కుమారున కిచ్చినది. వెంటనే రాజు ఆనాయులను పిలిపించి వెదకింపఁబూనెను. ఇచ్చట కవి వారికి వేసిన విశేషణము నదీష్ణులు. నదీశబ్దమునకుఁ బరమైన స్నా ధాతువు సకారమునకు షత్వమును విధించు సూత్రము అష్టమాధ్యాయము తృతీయపాదమున 89వది. అది కౌశలార్థముననే ప్రవర్తించును. నదిలో స్నానము చేయువాఁడెల్ల నదీస్నుఁడు. నది నెఱిఁగినవాఁడు నదీష్ణుఁడు. నేర్పున్నదని చెప్పుట కొక్క మూర్ధన్యము చాలినది. ఆ దినమున నీటఁ దేలియాడిన రాజునకుఁ గాని, యంతఃపురమునకుఁ గాని యీ షకారము దక్కలేదు. వలవారికి దక్కినది. వారు వెదకి, నగ దొరకదనియు, మడుగులోని కుముదుఁడను నాగుఁడు గైకొనియుండునేమో యనియు విన్నవించిరి. వారి యూహయే నిజమైనది.

ఇదే కవి శాకుంతలమునఁ గూడ నీటఁ బడిన యాభరణమును జాలరిచేతనే పైకిఁ దెప్పించినాఁడు. శక్రావతారవాసియగు ధీవరుఁడు రోహితమత్స్యమును కోసి ముద్రికను కనుఁగొనును. రక్షకులు కట్టి కొట్టుచున్నను, తన వృత్తి సహజమైనదని శ్రోత్రియుని పశుహింసతోఁ బోల్చి చెప్పుకొనును. రెండు కావ్యములలోను రాజు పోఁగొట్టుకొన్నదానికై జాలరివైపు చూడవలసివచ్చెను. ఇది యాదృచ్ఛికమని నేను నమ్మను. కొన్ని ప్రతులలో నా ధీవరుఁడు తన పనిముట్లను చెప్పు ప్రాకృతపదమునకు ఛాయ జాలోద్గాలములని యుండును. ఉద్గాలము చెవిఁ బడఁగానే తెలుఁగువానికి గాలము తలఁపునకు రాకపోదు.

ఇఁక ఋతువు. కుశుని క్రీడ గ్రీష్మమునఁ గలిగినది. వాత్స్యాయనుఁడు కామసూత్రముల నాగరకవృత్తప్రకరణమున జలక్రీడకు వేసవినే చెప్పి, నీటినుండి క్రూరజంతువులను తొలఁగించి యుండవలెనని నియమించినాఁడు. చతుష్షష్టికళలలోఁ జేర్చిన ఉదకవాద్యము, ఉదకాఘాతము అనునవియు లోఁతు తగ్గి, వేగ మణఁగి, నీరు తేఱియున్నప్పుడుగదా సాగును! పిమ్మట దండి మహాకావ్యలక్షణమున సలిలక్రీడను వర్ణ్యవస్తువులలో నొకటిగాఁ జేర్చినాఁడు. అంతటినుండి యది కావ్యమునకు తప్పనిసరి యైనది, ఋతువుమాత్రము జాఱిపోయినది. మాఘుఁడు రైవతకముమీఁద ఆఱు ఋతువులను 6వ సర్గమున నొక్కతఱినే దింపి, 7వ సర్గమున పువ్వులు కోయించి, 8వ సర్గమున నందఱిని నీటిలోనికి దింపినాఁడు. కవిత్వమున కది దోషము కాదు. కాని ఆఱు ఋతువు లొక్కసారి వచ్చిన కొండక్రింది నీటికి వరదయేది, వేసవియేది? మన ప్రబంధములకు సంక్రమించినది యీ ఋతువులేని నీరే. ఒక ప్రబంధమునందలి జలక్రీడను తీసి మఱియొకదానఁ బెట్టినను చదువరి గుర్తింపఁజాలకపోవుటకు ఇది యొక కారణము.

జాలరియేఱు వేఱు. అది ఆషాఢమున ఎఱ్ఱనీటితో వచ్చును. విహారి ఒడ్డెక్కిన తరువాత వానికి పని మొదలగును. కావ్యములు విడిచిన యీ యేటి జాడను శ్రుతిశాసనములలో వెదకవలెను.

యజుర్వేదమున పురుషమేధప్రకరణము సరస్సులకు ధైవరుని, చిన్నమడుఁగులకు బైందుని, ఱెల్లుగడ్డి పెరిఁగిన పల్లములకు శౌష్కలుని, ఈవలిగట్టునకు కైవర్తుని చెప్పుచున్నది. నీటికొక మనుష్యుఁడు! తైత్తిరీయబ్రాహ్మణభాష్యమున సాయణాచార్యులు ఈ పదములకు అర్థము వ్రాయుచు, చెఱువునకు వల పన్నువాఁడు, గాలము వేయువాఁడు, నీటిలో చేతులతోఁ దడవి పట్టువాఁడు, విషపుటాకు నీటఁ జల్లి పట్టువాఁడు అని వేఱుచేసి చూపినారు. వేదార్థమునకు ఇంత భేదము మూలముననే యున్నదో లేదో కాని, విజయనగరాశ్రితులైన యా మహావిద్వాంసులు తుంగభద్రలోఁ గన్నులారఁ జూచినదానినే వ్రాసియుందురని నా యూహ.

అర్థశాస్త్రము నావధ్యక్షప్రకరణమున జాలరులు పట్టినదానిలో ఆఱవపాలు రాజున కీవలెనని చెప్పును. అది పన్నుల మాట. ఋతువును పట్టి చేపలవేఁటకు హద్దు గీచినది అశోకుఁడు. అభిషేకమైన 26 ఏండ్లకు వ్రాయించిన అయిదవ స్తంభశాసనమున, మూఁడు చాతుర్మాసీపూర్ణిమలయందును, తిష్యపూర్ణిమయందును, చతుర్దశి, పూర్ణిమ, పాడ్యమి యను మూఁడేసి దినములును, ఉపవాసదినములందును చేఁపలను చంపఁగూడదు, అమ్మఁగూడదు. ఆ దినములలో కేవటభోగములందు, అనఁగా కైవర్తుల నీటిపట్టులందు, ఇతరజీవములను గూడ చంపఁగూడదు. చాతుర్మాసీపూర్ణిమ లనఁగా ఫాల్గునము, ఆషాఢము, కార్తికము, మూఁడును ఋతుసంధులు. దీనిని చూచి, చేఁపలు గ్రుడ్లుపెట్టు కాలమును కాపాడుటకై పుట్టిన చట్టమని కొంద ఱందురు. నే నొప్పను. అదే శాసనము మేఁకలు, గొఱ్ఱెలు, పందుల విషయమున చూలుతో నున్నవానిని, పాలిచ్చువానిని, ఆఱునెలలు నిండని పిల్లలను చంపరాదని విడిచి చెప్పినది. చేఁపలకు అట్టిమాట లేదు. తిథులు మాత్రమే యున్నవి. కావున నది వ్రతదృష్టియే కాని సంతానరక్షణదృష్టి కాదు. నేఁడు తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల సముద్రపువేఁటను నిలుపు నియమమున కున్న కారణము వేఱు; అది చేఁపల సంతానమును తలఁచి చేసినదే. రెంటిని ముడివేయుట పండితులకుఁ దగదు.

విహారమును, వేఁటయు ఒక్క గ్రంథమున కలిసినది కల్యాణిచాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుని మానసోల్లాసమున. ఇది శకవర్షము 1051, అనఁగా 1129వ సంవత్సరప్రాంతపుది. బరోడాలో గైక్వాడ్ ప్రాచ్యగ్రంథమాల దీనిని 1925, 1939, 1961 సంవత్సరములలో మూఁడు సంపుటములుగా వెలువరించినది. అయిదు వింశతులలో నైదవది క్రీడలకు చెందినది. అందు జలక్రీడయు, ఇసుకలో నాడు వాలుకాక్రీడయుఁ గలవు. నాల్గవదగు వినోదవింశతిలో మత్స్యవినోదమున్నది. ఇందు రాజు తానే గాలము పట్టును! చేఁపలను సముద్రమున నుండునవి, నదులలో నుండునవి, పొలుసుగలవి, లేనివి, పెద్దవి, చిన్నవి అని విభజించి, దాదాపు ముప్పదియైదు జాతులను పేళ్లతోఁ జెప్పి, ఏ చేఁప కే యాహారము పెట్టి మచ్చిక చేయవలెనో, గాలపుకఱ్ఱ, త్రాడు, ఎఱ యెట్లుండవలెనో వివరించినాఁడు. ఆ పేళ్లలో పెక్కు అమరమునందుఁగాని, యితరనిఘంటువులందుఁగాని లేవు, అవి దేశ్యములు. రాజు జాలరులను అడిగి వ్రాసినాఁ డనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? సుందరలాల్ హోరా యను మత్స్యశాస్త్రజ్ఞుఁడు 1951లో ఈ ప్రకరణమును పరిశీలించి ప్రకటించెను. సంస్కృతపండితులము మనము చేయవలసిన పనిని జంతుశాస్త్రజ్ఞుఁడు చేసినాఁడు.

సోమేశ్వరుఁడు చేసినదానిని మన తీరమున చేసినవాఁ డొక పరదేశీయుఁడు. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణమున చేఁపలను సేకరించి, 200 చేఁపల చిత్రములతోను వివరణములతోను 1803లో లండనులో గ్రంథమును ప్రకటించెను. చేఁపలకు ఆయన యచ్చటి జాలరుల నోటి పేళ్లనే వ్రాసికొన్నాఁడు. అందొకటి పలస. ఇది మన పులసయే. సముద్రమున నున్నప్పుడు వలస యనియు, విలస యనియు పిలువఁబడు నీ చేఁప వరదకాలమున ఉప్పునీటిని విడిచి, గ్రుడ్లుపెట్టుటకై గోదావరికి ఎదురీఁది వచ్చును, శ్రావణభాద్రపదములలో పట్టుపడును. పుస్తె లమ్మియైనను తినవలెనను సామెత నెఱుఁగని తెలుఁగువాఁడు లేఁడు. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టయు, దాని స్థానమున 1982 నాఁటికి లేచిన బారేజియు దీని త్రోవ నడ్డగించినవి. ఆనకట్ట దిగువనే యది యిప్పుడు దొరకుచున్నది.

ఆ పేరు పడిన పాటు వినఁదగినది. 1829లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుఁడు కువియే రస్సెల్ చిత్రమును ఆధారముగాఁ గొని యీ చేఁపకు క్లూపియా పలస యని శాస్త్రీయనామ మిచ్చినాఁడు. కాని అంతకు ఏడేండ్లముందే, 1822లో, గంగానదిమీనములఁ గూర్చి వ్రాసిన హామిల్టను వంగదేశపు పేరునుబట్టి ఇలిష యని నామకరణము చేసియుండెను. ముందు వచ్చినదే నిలుచునని వారి పరిభాష. కావున ఇలిష నిలిచినది, పలస పర్యాయపు పట్టికలోఁ జేరినది. 1803లోనే అచ్చైన మన పేరేల చెల్లదందురా? రస్సెల్ దానిని రెండుపదముల నామముగాఁ గూర్పలేదు. విభక్తి చేరని శబ్దము పదము కానట్లు, జాతినామము చేరని పేరు వారికి నామము కాదు. వైయాకరణునకు ఈ న్యాయముమీఁదఁ గోపము రాదు.

రస్సెల్ వ్రాసినవి సముద్రతీరపు పేళ్లు. గోదావరిలంకలలోను, కృష్ణాతీరమునను, తెలంగాణపు చెఱువులలోను వాడుకలోనున్న మాటలు ఋతుక్రమమున నెవ్వరును కూర్చినట్లు నేను చూడలేదు. తొలి యెఱ్ఱనీటికి నేమందురు, వరద తీసినపిదప మడుఁగులలోఁ జిక్కిన చేఁపను పట్టు ఊతకును, కాలువగండిలో పెట్టు మావునకును ఎన్ని భేదములున్నవి, బెండు కదలికనుబట్టి క్రింద నున్నది జెల్లయో వాలుగయో యెట్లు చెప్పుదురు, వేసవిలో బురదఁ గప్పుకొన్న మట్టగిడిసను ఏ గుర్తుతోఁ గనుఁగొందురు—ఇవన్నియు నోటిలోనే యున్నవి. నైలానువలలు వచ్చిన పిమ్మట నూలువలల పేళ్లు కొన్ని వృద్ధుల నోళ్లలోనే మిగిలినవి. ఏటిగట్టు గ్రామముల బడులలో పనిచేయు పండితుల యెదుట ఈ నదీష్ణుల పిల్లలే కూర్చుండుచున్నారు. మాట, అది వాడు నెల, దొరకు నీరు, పనిముట్టు—ఈ నాలుగు గడులతో నొక్కొక్క యూరి పట్టికను వ్రాసి పంపిన యెడల, శాఫరికశాకులికశబ్దములప్రక్క వానిని పెట్టి ప్రకటించుటకు ఈ పత్రికలో చోటు దొరకకపోదు.