వారములు చేసికొనిన చదువులు

పల్లెటూరి వీధిబడిలో ఓనమాలు దిద్ది, ఎక్కములు వల్లించి, ఆపై చదువునకు పట్టణమున కేగదలచిన పేదబాలునికి బడిజీతము కంటెను గట్టిగా అడ్డుపడినది పూటకూడు. 1843లో మచిలీపట్టణమున వెలసిన నోబుల్ పాఠశాల మొదలుకొని ఇంగ్లీషు బడులు చిరకాలము కొలది పట్టణములకే పరిమితములై యుండుటచే, చుట్టములు లేని ఊరిలో బాలుడు ఎవరియింట భుజించుననునదియే తల్లిదండ్రులకు పెద్ద చింత. ఆ చింతకు తెలుగు గృహస్థులు కనుగొనిన ఉపాయమే వారములు చేసికొని చదువుకొనుట.

ఆదివారము వకీలుగారి యింట, సోమవారము పురోహితునియింట, మంగళవారము కచేరి గుమాస్తా యింట, ఈ రీతిగా ఏడిండ్లు కుదుర్చుకొనిన బాలునికి ఏడాది గడచెడిది. వారమునకొక్కనాటి విస్తరియే కావున, సంపన్నులే గాక చాలీచాలని జీతముపై బ్రదుకు సంసారులును ఈ ధర్మమున పాలుపంచుకొనగలిగిరి. వారాలబ్బాయి బావినీరు తోడుటయు, అంగడికి పోయి వచ్చుటయు, ఇంటిపిల్లలకు పాఠములు చెప్పుటయు కలదు. ఇల్లిల్లు తిరిగి వండిన యన్నము నర్థించు వేదవిద్యార్థుల మధూకరము కంటె ఇది కొంత గౌరవప్రదమే యైనను, ఆ యింటివారు ఊరికేగినను, పురుడో మైలయో సంభవించినను ఆనాడు బాలునికి పస్తే. ఒక యింట లభించిన యాదరము మఱియొక యింట విసుగుగా పరిణమించుటయు కద్దు.

ఇంతకంటె పెద్దలోపము పంక్తినియమము. ఈ యాచారము ప్రధానముగా బ్రాహ్మణ గృహములలో వర్ధిల్లినది. తక్కిన కులముల బాలురకు ఆ విస్తళ్లు దుర్లభములు. హరిజన బాలునికి ఆ గడపయే నిషిద్ధము. బాలికల మాట తలచినవారే అరుదు.

ఈ హద్దులను దాటుటకు గృహధర్మము చాలక వసతిగృహము లవసరమైనవి. 1904 నుండి 1919 వరకు కాకినాడ కళాశాలకు అధ్యక్షుడైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు తమ యార్జనను పేదవిద్యార్థులకు వెచ్చించిరి. ఆయన శిష్యుడగు పిఠాపురము మహారాజా సూర్యారావు బహదూరుగారు అనాథ శరణాలయమును, హరిజన విద్యార్థులకు వసతిని ఏర్పఱచిరి. గుంటూరున ఉన్నవ దంపతుల శారదానికేతనము నిరాశ్రయలగు స్త్రీలకు చదువును నీడను కల్పించెను. నిజాము రాజ్యమున వేంకటరామారెడ్డిగారి ప్రోత్సాహముచే 1918లో హైదరాబాదున వెలసిన రెడ్డి హాస్టలు, పేరు ఒక కులముదే యైనను, తెలుగు పల్లెల బాలుర నెందఱినో నగరవిద్యకు చేర్చెను. పిదప ప్రభుత్వమే సాంఘిక సంక్షేమ వసతిగృహములను నడుపసాగెను. 1971లో నాటి నల్లగొండ జిల్లా సర్వేలున గురుకులము నెలకొల్పి, బడిని, పడకను, భోజనమును ఒక్కచోటికి తెచ్చెను.

ఒకరి దయపై నిలిచిన విస్తరి క్రమముగా బాలుని హక్కు కావచ్చినది. ఈ పరిణామము నిస్సంశయముగా శ్రేయస్కరము. అయినను వారములనాటి మంచి యిల్లాలు బాలుని పేరుపెట్టి పిలిచి, ముఖము వాడినచో కారణ మడిగెడిది. ఆ విచారణ బడ్జెట్టు పద్దులకు అందునది కాదు. వసతిగృహములకు బియ్యమును పప్పును లెక్కగట్టి పంపుటతోడనే తమ విధి ముగిసెనని అధికారులు తలపరాదు. ఊరిపెద్దలును ఉపాధ్యాయులును వారమునకొక్కమారైన అచటికేగి, ఆ బాలుర పంక్తిలో కూర్చుండి భుజించి, వారి క్షేమము నరయవలెను.