అధిక ఉష్ణోగ్రత అతివాహకాలు: పలుచని పొరల తయారీ, పరీక్ష

తగినంత చల్లబరిచినప్పుడు విద్యుత్ నిరోధాన్ని పూర్తిగా కోల్పోయే పదార్థాలను అతివాహకాలు అంటారు. ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్‌ల సమ్మేళనం దాదాపు 93 కెల్విన్ల వద్ద, అంటే మైనస్ 180 డిగ్రీల సెల్సియస్ వద్ద, అతివాహకమవుతుందని 1987లో అమెరికాలో వెల్లడైంది. దీనిని చల్లబరచడానికి 77 కెల్విన్ల వద్ద మరిగే ద్రవ నైట్రోజన్ చాలు. ఖరీదైన ద్రవ హీలియం అవసరం లేదు.

అయితే ఈ పదార్థం పింగాణీలా పెళుసైనది. పొడిని అచ్చుగా పోసి కాల్చితే లోపలి స్ఫటిక రేణువులు తలో దిక్కుకు తిరిగి ఉంటాయి. వాటి సరిహద్దులు విద్యుత్ ప్రవాహానికి అడ్డంకులవుతాయి. రేణువులన్నింటినీ ఒకే వరుసలో అమర్చేందుకు పలుచని పొరలు మార్గం చూపాయి.

తయారీ

ఎక్కువగా వాడే పద్ధతుల్లో పల్స్ లేజర్ నిక్షేపణ ఒకటి. న్యూజెర్సీలోని బెల్‌కోర్, రట్జర్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1987లో దీనితో అతివాహక పొరలను రూపొందించారు. ఆ బృందంలో భారతీయ మూలాలున్న టి. వెంకటేశన్ ఒకరు.

గాలి తీసివేసిన గదిలోకి కొద్దిగా ఆక్సిజన్ పంపి, అతివాహక బిళ్లపై అతినీలలోహిత లేజర్ కిరణాలను వదులుతారు. బిళ్ల నుంచి ఆవిరై లేచిన పదార్థం ఎదురుగా ఉన్న ఫలకంపై పేరుకుంటుంది. ఫలకాన్ని 700 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తారు. స్ట్రాన్షియం టైటనేట్ వంటి స్ఫటికాన్ని ఫలకంగా వాడితే, దాని పరమాణువుల అమరికనే పొర కూడా అనుసరిస్తుంది. తర్వాత ఆక్సిజన్ నింపి చల్లబరుస్తారు. పొర తగినంత ఆక్సిజన్‌ను పీల్చుకోకపోతే అతివాహక గుణమే ఉండదు.

పరీక్షలు

స్ఫటికాల దిశను ఎక్స్-రే వివర్తనంతో తెలుసుకుంటారు. నిరోధాన్ని కొలవడానికి నాలుగు విద్యుత్ స్పర్శలు అమర్చుతారు. రెండింటి ద్వారా కరెంటు పంపి, మిగతా రెండింటి మధ్య వోల్టేజి చూస్తారు. దీనివల్ల తీగల నిరోధం లెక్కలో కలవదు.

నిరోధం సున్నా అయినంత మాత్రాన పొర నాణ్యమైనదని చెప్పలేము. కరెంటుకు ఒక్క దారి దొరికినా కొలతలో సున్నాయే కనిపిస్తుంది. అందువల్ల అతివాహకత చెదరకుండా పొర ఎంత కరెంటును భరించగలదో కొలవడం తప్పనిసరి. లుధియానాలో జన్మించిన ప్రవీణ్ చౌదరి ఐబీఎం బృందంతో కలిసి 1987లో ఈ కొలత చేశారు. 77 కెల్విన్ల వద్ద చదరపు సెంటీమీటరుకు లక్ష ఆంపియర్లకు పైగా ప్రవాహం సాధ్యమని నిరూపించారు. పక్కపక్క రేణువుల మధ్య వంపు సుమారు 10 డిగ్రీలు దాటితే ఈ సామర్థ్యం బాగా పడిపోతుందని ఐబీఎం పరిశోధనలే 1988లో తేల్చాయి.

అతి స్వల్ప అయస్కాంత క్షేత్రాలను గుర్తించే స్క్విడ్ పరికరాల్లోనూ, మైక్రోవేవ్ ఫిల్టర్లలోనూ ఈ పొరలను వాడుతున్నారు. లోహపు పట్టీలపై ఇవే పొరలను పరిచి విద్యుత్ కేబుళ్లు, శక్తిమంతమైన అయస్కాంతాలు తయారుచేస్తున్నారు. కిలోమీటర్ల పొడవునా రేణువుల వరుస చెదరకుండా చూడడమే అక్కడ ప్రధాన సవాలు.