నెల్లూరు నల్లరాయిలో థోరియం ఎంత?

నాయుడుపేటకు ఉత్తరాన గూడూరు, సైదాపురం, రాపూరు వైపు సాగే మైకా నేలల్లో దొరికే నల్లరాయి సమర్‌స్కైట్‌. చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. యురేనియం, థోరియం, నయోబియం అందులో కలగలిసి ఉంటాయి. ఖనిజ గ్రంథాలకు ఇది నెల్లూరు సమర్‌స్కైటే.

ఇలాంటి రాయిలో థోరియం ఎంతుందో తేల్చడం పాత రోజుల్లో పెద్ద తంటా. 1829లో బెర్జీలియస్‌ ఈ మూలకాన్ని గుర్తించాక నూరేళ్లకు పైగా రసాయనమార్గమే దిక్కు: రాయిని ఆమ్లంలో కరిగించి, ఆక్సలేట్‌గా దించి, కాల్చి తూచాలి. రేర్‌ ఎర్త్‌ మూలకాలూ దానితోపాటే దిగుతాయి. వాటిని విడదీయడంలోనే ఓపిక అయిపోయేది. గ్యాస్‌లైట్ల మాంటిళ్లకు థోరియా (థోరియం ఆక్సైడ్‌) కావాలి గనుక, 1909లో షోంబర్గ్‌ ట్రావెన్‌కోర్‌ తీరంలో థోరియం ఉన్న మోనజైట్‌ కనిపెట్టాక, అందులోని థోరియా శాతం మీదే బేరం నడిచింది.

రసాయనమార్గం వద్దనుకుంటే, గామా కిరణాలు లెక్కించడం తేలికే. కానీ అక్కడ పలికేది థోరియం కాదు, దాని క్షయ సంతతిలోని థాలియం-208. శుద్ధి చేసిన సరుకులో ఆ సంతతి చెదిరిపోయి ఉంటుంది, లెక్క తప్పుతుంది. ఎక్స్‌రే పద్ధతి థోరియాన్నే నేరుగా అడుగుతుంది. ప్రతి మూలకానికీ తనదైన ఎక్స్‌రే గీత ఉందని 1913లో మోజ్లీ చూపాడు. అమెరికా భూగర్భ సర్వేలో ఆడ్లర్‌, ఆక్సెల్‌రాడ్‌ 1955లో ఆ గీతతో థోరియాన్ని కొలిచారు. పైగా సమర్‌స్కైట్‌ స్ఫటికం తన రేడియోధార్మికతకు తానే చితికిపోయి, ఎక్స్‌రే వివర్తనానికి చిక్కదు. ఈ కొలతకు ఆ బాధ లేదు.

చిక్కల్లా ఇరుగుపొరుగు గీతలతోనే. థోరియం గీత 12.97 కిలో ఎలక్ట్రాన్‌ వోల్టుల దగ్గర ఉంటే, రుబీడియంది 13.39 దగ్గర, బిస్మత్‌ది 13.02 దగ్గర. రుబీడియం మైకాలోనే దాగి ఉంటుంది. గూడూరు రాయి పొడిలో కాస్త మైకా మిగిలినా విశ్లేషకుడు అప్రమత్తంగా ఉండాల్సిందే. బరువైన మూలకాలు కిరణాలను మింగేయడం మరో సమస్య. 1956లో క్లెయిస్‌ పొడిని బోరేట్‌ గాజులో కరిగించి దాన్ని చాలావరకు దాటించాడు.

1951లో కాస్టాంగ్‌ ఎలక్ట్రాన్ల పుంజంతో ఎక్స్‌రేలు రాబట్టే ఎలక్ట్రాన్‌ ప్రోబ్‌ను చూపాక, కొన్ని మైక్రాన్ల చోటునూ కొలవడం వీలైంది. 1991లో సుజుకి, అడాచి థోరియం, యురేనియం, సీసం కొలతలతో మోనజైట్‌ వయసే చెప్పారు. థోరియం నెమ్మదిగా సీసంగా మారుతుంది, దాని అర్ధాయువు 1,405 కోట్ల ఏళ్లు మరి.

హైదరాబాద్‌ కేంద్రంగా ఉన్న అణుఖనిజ సంస్థ లెక్కలో ఆంధ్ర తీరపు మోనజైట్‌ సుమారు 37 లక్షల టన్నులు, దేశంలోకెల్లా ఎక్కువ. దానిలో థోరియా శాతం కొలత 0.1 అటూఇటూ అయితే, థోరియా లెక్కలో తేడా 3,700 టన్నులు.