ఆగి ఆగి నడిచే కాళ్ల కథ



జర్మనీ దేశంలో ఒక జబ్బుకి జనం పెట్టుకున్న పేరు వింటే మీకు నవ్వొస్తుంది. "షాపు అద్దాల జబ్బు" అంటారు దాన్ని. బజారులో నడుస్తున్న పెద్దమనిషికి కాస్త దూరం వెళ్లేసరికి పిక్కలు పట్టేస్తాయి. నడిరోడ్డు మీద ఊరికే నిలబడితే నలుగురూ ఏమనుకుంటారోనని, పక్కనున్న దుకాణం అద్దాల్లోకి చూస్తున్నట్టు నటిస్తాడు. రెండు మూడు నిమిషాల్లో నొప్పి పోతుంది. మళ్లీ నడుస్తాడు, మళ్లీ ఇంకో దుకాణం దగ్గర ఆగుతాడు. మన ఇళ్లలో మావగారో అత్తగారో కూరగాయల బండి దగ్గర బేరమాడే నెపంతో ఆగుతారు చూశారూ, ఆ ఆగడం ఒక్కోసారి ఇదే కావచ్చు. మనం మాత్రం ఏ నొప్పి వచ్చినా వాతం అనేసి తైలం సీసా అందిస్తాం.

అసలు సంగతి ఇది. కాళ్లకి రక్తం తీసుకుపోయే ధమనుల లోపలి గోడల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. కూర్చున్నప్పుడు ఆ కాస్త రక్తమూ సరిపోతుంది. నడిచేటప్పుడు కండరం ఎక్కువ అడుగుతుంది, అందదు, నొప్పి పుడుతుంది. పొగాకు, మధుమేహం, రక్తపుపోటు, రక్తంలో కొవ్వు దీనికి ముఖ్య కారణాలు.

దీన్ని మొదట వివరంగా రాసిపెట్టింది ఎవరనుకున్నారు? ఒక పశువుల డాక్టరు! 1831లో ఫ్రాన్సులో బూలే అనే ఆయన, బండి లాగే ఆడగుర్రం ఒకటి కాస్త దూరం పోగానే వెనక కాళ్లు కుంటడం, నిలబెడితే తేరుకోవడం గమనించాడు. అది చనిపోయాక కోసి చూస్తే తొడల ధమనులు పూడుకుపోయి ఉన్నాయి. 1858లో షార్కో అనే ఫ్రెంచి వైద్యుడు, పాత తుపాకి గాయం ఉన్న ఒక మనిషిలో అదే తీరు కుంటడం చూసి, గుర్రం కథనీ మనిషి కథనీ కలిపాడు. బండి తోలేవాళ్లు అలాంటి గుర్రాలని అంతకుముందు ఎన్ని కొరడా దెబ్బలు కొట్టి ఉంటారో పాపం!

జబ్బు తెలిసింది సరే, మందేమిటి? 1898లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఎర్బ్ అనే పెద్ద వైద్యుడు, ఈ రోగులకి నడక మేలు చేస్తుందని రాశాడు. పొగాకుకీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధాన్ని కూడా ఆయన పట్టుకున్నాడు. కానీ నొప్పెడుతున్న కాలిని నడిపించమంటే ఎవరికి మనసొప్పుతుంది? ఆ తరవాత చాలా ఏళ్లు విశ్రాంతి మాటే చెల్లింది. మంచం మీద పడుకుని కాళ్లు పైకెత్తడం, కిందికి వేలాడేయడం లాంటి కసరత్తులు కొన్నాళ్లు సాగాయి. సీసాలో పోసి అమ్మగలిగే మందుకున్న గౌరవం నడకకి లేకపోవడం కూడా ఒక కారణమేమోనని నా అనుమానం.

1966లో డెన్మార్క్‌లో లార్సెన్, లాసెన్ అనే ఇద్దరు కొద్దిమంది రోగులని రెండు భాగాలు చేశారు. ఒక సగానికి రోజూ నడక, ఇంకో సగానికి మందు లేని ఉత్త బిళ్లలు. నడిచినవాళ్లు ముందుకన్నా బాగా ఎక్కువ దూరం నడవగలిగారు. 1995 నాటికి ఇలాంటి అధ్యయనాలు 21 కలిపి లెక్క వేస్తే, సగటున 126 మీటర్లకే నొప్పి మొదలయ్యేవాళ్లు తరవాత 351 మీటర్ల దాకా నొప్పి లేకుండా పోగలిగారని తేలింది. 126 మీటర్లంటే వీధి చివర పాలబూత్ దాకా. 351 అంటే గుడికి వెళ్లి రావచ్చు!

నడిస్తే ఆ పూడిక కరిగిపోతుందా అని అడుగుతారు మీరు. కరగదు. మరి లాభం ఎక్కడినుంచి? కండరం అందిన కాస్త రక్తాన్నే పొదుపుగా వాడుకోవడం నేర్చుకుంటుంది. నెల జీతంతో ఇల్లు గడిపే మనకి ఈ విద్య వేరే చెప్పాలా! ఇంకొకటి రక్తనాళపు లోపలి పొర సంగతి. 1980లో అమెరికాలో ఫర్చ్‌గాట్ అనే శాస్త్రజ్ఞుడు, ఆ పొర చెక్కుచెదరకుండా ఉంటేనే నాళం సడలుతుందనీ, గిన్నె తోమినట్టు రుద్దేస్తే సడలదనీ కుందేలు రక్తనాళాల మీద చూపించాడు. ఆ పొర నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు ఆ పని చేస్తుందని తరవాత తేలింది. ఈ పరిశోధనకి 1998లో ఆయనకీ మరో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. రక్తం జోరుగా పారినప్పుడు ఆ పొర ఈ వాయువుని ఎక్కువగా విడుదల చేస్తుంది. ఈ జబ్బులో ఆ శక్తి మందగిస్తుంది, క్రమం తప్పని వ్యాయామం దాన్ని కొంత మెరుగుపరచగలదు.

2017లో అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా ఈ నడక శిక్షణకి డబ్బివ్వడం మొదలుపెట్టింది. 12 వారాల్లో 36 సార్లు, ఒక్కోసారి అరగంట నుంచి గంట. ఎర్బ్ చెప్పిన 119 ఏళ్లకి! 2021లో అక్కడే వచ్చిన మరో అధ్యయనంలో, నొప్పి రాకుండా మెల్లగా నడిచినవాళ్లకి పెద్దగా ఫలితం లేదనీ, నొప్పి తెలిసేటంత వేగంగా నడిచినవాళ్లకే దూరం పెరిగిందనీ తేలింది. అంటే పిక్క బాగా లాగేదాకా నడవాలి, ఆగాలి, పోయాక మళ్లీ నడవాలి. వారానికి మూడుసార్లు, మూడు నెలలు.

అందుకే "మీరు కదలకండి అత్తయ్యా, నేను తెస్తాగా" అని ప్రేమకొద్దీ కూర్చోబెట్టడం గురించి నాకు దిగులు. మనకీ అంతే. ఆడవాళ్లలో ఇది చాలాసార్లు పిక్క నొప్పిగా కాక, కాళ్ల బరువుగా, నీరసంగా కనిపిస్తుంది. వంటింట్లో రోజంతా నిలబడ్డాంగా అని సరిపెట్టుకుంటాం. నిలబడటం నడక కిందికి రాదు.

మొదలుపెట్టే ముందు డాక్టరుకి చూపించుకోండి. చీలమండ దగ్గరా చేతి దగ్గరా రక్తపుపోటు కొలిచి పోలుస్తారు. చీలమండ అంకెని చేతి అంకెతో భాగిస్తే 0.9 కన్నా తక్కువొస్తే ఈ జబ్బు ఉన్నట్టు. మధుమేహం ఉన్నవాళ్లు రోజూ అరికాళ్లు చూసుకుని, సరిపడే చెప్పులు వేసుకునే నడవాలి. నడకలో ఛాతీ పట్టేసినా, రాత్రి పడుకున్నప్పుడు కూడా పాదం నొప్పెట్టినా, వేలు నల్లబడినా, పుండు మానకపోయినా నడక ఆపేసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.