వ్యాజిమపుస్తము - సురభివారి రంగయంత్రములు

భరతముని యాహార్యాభినయమును జెప్పుచుఁ బుస్తమును సంధిమము, వ్యాజిమము, వేష్టిమము నని మూఁడు విధములుగా విభజించెను. చాపలు, వస్త్రములు, చర్మములు కూర్చి చేయునది సంధిమము. యంత్రముచే నగునది వ్యాజిమము. పాకిమశబ్దమువలె నిదియు నిమప్ప్రత్యయాంతమే. వ్యాజముచే నిర్వృత్తమని యర్థము. కాఁబట్టి రంగయంత్రములు పాశ్చాత్యులు నేర్పిన క్రొత్తవిద్య యనువారి మాట నే నొప్పను. అట్లని భరతుని కాలపు యంత్రమే యవిచ్ఛిన్నముగా మన పందిళ్లకు వచ్చె ననుటయు సాహసమే. శబ్ద ముండుట సంప్రదాయ ముండుటకుఁ బ్రమాణము కాదు.

కన్నులయెదుట నిలిచిన ప్రమాణము సురభినాటకము. 1885వ సంవత్సరమునఁ గడప మండలములోని సురభిగ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధను బ్రదర్శించుటతో నీ సమాజము పుట్టినది. వారి పూర్వులు తోలుబొమ్మలాటవారు. పుల్ల పట్టి బొమ్మ నాడించిన వంశమువారే పిదప మనుష్యుని మింటి కెత్తిరి. మాయాబజారు నాటకమున నది నేఁటికిని వినోదమే.

ఆ యెత్తుటలోని కష్టమును మా దేవనకొండవంటి యూళ్లలో నూతిగిలకతో నీరు చేఁదినవారు సులభముగా గ్రహింపఁగలరు. అఱువది కిలోల నటుని నొక గిలకమీఁదుగా నెత్తుచో లాగువాఁడును 60 కిలోల బలముతో లాగవలయును. దూలముపైఁ బడునది 60 కాదు, 120, కుదుపు వేఱు. రెండు త్రాళ్లు నిట్టనిలువుగా నున్నచో నొక్కొక్కటి 30 కిలోలు మోయును. అవియే యిరువైపులకుఁ జాఁచఁబడి నేలకు సమాంతరమగు రేఖతో 30 అంశల కోణము చేయునపుడు ప్రతిత్రాడును 60 మోయవలయును. త్రాడు చదునైనకొలఁదిఁ దెగు భయము హెచ్చును. ప్రేక్షకులకుఁ గనఁబడ రాదని తీఁగను సన్నము చేసినచోఁ బ్రాణభయము. పైఁగా నూరూర విప్పి కట్టు రంగస్థలమాయె!

1957లో వెడలిన మాయాబజారు చలనచిత్రమునఁ దప్పిన దృశ్యమును మరలఁ దీయుట కవకాశము కలదు. నాటకమున నది లేదు.

పదునొకండవ శతాబ్దిని సమరాంగణసూత్రధారమున యంత్రాధ్యాయమును రచించిన భోజుఁడు, యంత్రఘటనమును దాను వివరింపకుండుట యజ్ఞానమువలనఁ గాదనియు, గోపనార్థమనియుఁ జెప్పెను. ఫలితము మన మెఱిఁగినదే: యంత్రముల వర్ణనము మిగిలినది, కొలతలు మిగులలేదు. సురభివారి విద్యయుఁ జేతినుండి చేతికి వచ్చినదే కాని గ్రంథమునుండి కాదు. ఉపాధ్యాయులు ప్రదర్శనమునకుఁ బోయినపుడు తెరవెనుకనున్న వృద్ధుల నడిగి ముడుల పేళ్లను, దూలముల కొలతలను వ్రాసికొందురు గాక. ఆ పేళ్లు నిఘంటువుల కెక్కవలసినవి.