గులాబీ రంగు సాక్ష్యం

తుపాకి మందు జాడ పట్టే పాత పద్ధతుల్లో గ్రీస్ పరీక్ష ఒకటి. నైట్రైట్ తగిలితే గులాబీ రంగొస్తుంది. ఆ నైట్రైట్ ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం చెప్పదు.

1974 నవంబరు 21న బర్మింగ్‌హామ్ పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. ఆ రాత్రే రైలు దిగి పడవెక్కబోతున్న ఐదుగురు ఐరిష్‌వాళ్లని పోలీసులు రేవులో పట్టుకున్నారు. ఇద్దరి చేతుల నమూనాలు గులాబీకి తిరిగాయి. నైట్రోగ్లిజరినే, 99 శాతం ఖాయమన్నాడు నిపుణుడు. ఆ మాటా, పోలీసులు చూపిన ఒప్పుకోలు పత్రాలూ కలిసి 1975లో, మర్నాడు దొరికిన ఆరో మనిషితో సహా, అందరికీ యావజ్జీవం వేయించాయి.

రైల్లో వాళ్లు పేకాడారు. అప్పటి ముక్కల మీది నునుపు పూతలో నైట్రోసెల్యులోజ్ ఉండేది. పొగరాని తుపాకి మందుకి మూలపదార్థమూ అదే. ముక్కలు కలిపిన చేతికీ అదే రంగొస్తుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. 1991లో శిక్షలు కొట్టేశారు, 16 ఏళ్లు జైల్లో పోయాక.

మా కోడ్ టెస్టుల్లో ఇలాంటిదొస్తే ఫాల్స్ పాజిటివ్ అని టికెట్ మూసేస్తాం. ఇక్కడ రంగు అబద్ధమాడలేదు. ఇంకేం తాకితే ఈ రంగొస్తుందో ముందే చూసుకోకుండా 99 శాతం అనడమే తప్పు.