నగుమోము ఒకరిది, నగుబాటు ఇంకొకరిది

"మా పొలంలో మాలలూ మాదిగలూ నవ్వుతూ పనిచేసేవాళ్లండీ. ఈ కులాల గొడవంతా తర్వాత వచ్చిందే." మండవల్లి, కైకలూరు వైపు పెద్ద రైతుల అరుగుల మీద ఈ మాట చాలాసార్లు విన్నాను. ఈ మధ్య చదువుకున్న కుర్రాళ్లు కూడా తాతగారి మాటగా ఇదే చెబుతున్నారు. అందుకే ఈ వారం నవ్వు గురించి రాస్తున్నాను.

మిత్రులారా, ఇది చిన్న విషయం కాదు. ఆ మాటలో నవ్వుని సాక్ష్యంగా నిలబెడుతున్నారు. నవ్వారు కాబట్టి బాధ లేదు, బాధ లేదు కాబట్టి అన్యాయం లేదు అని వాదన. ఆ సాక్ష్యం చెల్లుతుందా?

ముందు మన భాషని అడుగుదాం. 'నగు' అంటే నవ్వు. దాని నుంచే నగుమోము వచ్చింది, దాని నుంచే నగుబాటు వచ్చింది. ఒకటి దేవుడికీ రాజుకీ అందం. ఇంకోటి పదిమందిలో పరువు పోవడం. మాట ఒకటే, నవ్వే వైపు ఉన్నావా, నవ్వించుకునే వైపు ఉన్నావా అన్నదే తేడా.

భరతుడి నాట్యశాస్త్రం హాస్యరసం దగ్గర నవ్వుని ఆరు రకాలు చేసింది. స్మితం, హసితం ఉత్తములకి. విహసితం, ఉపహసితం మధ్యములకి. అపహసితం, అతిహసితం అధములకి. స్మితంలో పళ్లు కనపడవు. అతిహసితంలో కళ్లనీళ్లు కారతాయి, గొంతు పెద్దదవుతుంది, చేతులు డొక్కలు పట్టుకుంటాయి. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ పిల్లల్ని ఒకటే అడుగుతాను: నవ్వుకి కూడా మెట్లు కట్టిన సమాజంలో నవ్వు చూసి మనిషి సుఖం కొలవడం ఎలా కుదురుతుంది?

ఆ మెట్లు మన మాటల్లోకీ దిగాయి. దొరగారిది మందహాసం, పాలేరుది ఇకిలింపు. అమ్మగారిది చిరునవ్వు, కూలిమనిషిది వెకిలినవ్వు. 'నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదు' అన్న సామెత ఉండనే ఉంది. 'నవ్వు నాలుగు విధాల చేటు' అన్నారు. ఆ చేటు ఎప్పుడూ కింద ఉన్నవాళ్లకే తగిలింది.

ఇక పాలేరు నవ్వు. ఏడాది ఒప్పందం, గింజల్లో జీతం, మధ్యలో పెళ్లికో చావుకో తీసుకున్న అప్పు. వచ్చే ఏడు మళ్లీ పనిలో పెట్టుకుంటాడా లేదా అన్నది కామందు ఇష్టం. మొహం మాడ్చుకుంటే 'పొగరు'. గట్టిగా నవ్వితే 'కొవ్వు'. మిగిలింది తల వంచుకుని, కండువా చంకలో పెట్టుకుని నవ్వే నవ్వు. మా నాయనమ్మ అనేది: "కామందు ముందు నవ్వింది నోరేరా, మనం కాదు." రాత్రి పేటలో అదే కామందు నడకనీ దగ్గునీ అనుకరించి, పడీపడీ నవ్వేవాళ్లమని కూడా ఆవిడే చెప్పింది. అరుగు మీదివాళ్లకి వినపడని నవ్వు అది. వాళ్లు చెప్పే చరిత్రలో అది లేదు.

అమెరికాలోనూ ఇదే వాదన నడిచింది. బానిసలు పాటలు పాడుతున్నారు, సంతోషంగా ఉన్నారు అన్నారు యజమానులు. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో అచ్చేసిన తన జీవితకథలో దానికి జవాబిచ్చాడు: ఆ పాటలు సంతోషం కాదు, దుఃఖం. 19వ శతాబ్దపు అమెరికాలో ఆయనన్ని ఫోటోలు దిగినవాళ్లు అరుదు. దాదాపు ఏ ఫోటోలోనూ నవ్వడు. 'నవ్వే బానిస' బొమ్మకి తన మొహం ఇవ్వనన్నాడు.

1862లో డ్యూషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు అసలు నవ్వులో కంటి చుట్టూ కండరం కూడా కదులుతుందని రాశాడు. కండరం చూసి నవ్వు అసలుదో కాదో చెప్పొచ్చేమో. ఆ మనిషికి నవ్వక తప్పని పరిస్థితి ఎవరు తెచ్చారో కండరం చెప్పదు. 1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త విమాన పరిచారికల మీద పుస్తకం రాసింది: వాళ్ల నవ్వు కూడా జీతానికి అమ్ముకునే పనే అని. ఏలూరు, విజయవాడ బట్టల షాపుల్లో రోజంతా నిలబడి నవ్వే మన చెల్లెళ్లని చూడండి. పాలేరు నవ్వు చీర మార్చుకుంది, అంతే.

ఇంకో నవ్వు ఉంది, పైనుంచి కిందికి వచ్చేది. తన కవిత్వం విని మెచ్చుకున్నవాళ్లే కులమేదని అడిగి చివాలున లేచిపోతే బాకుతో పొడిచినట్టుంటుందని జాషువా ఒక పద్యంలో చెప్పుకున్నాడు. నేను డాక్టరేట్ పట్టుకుని ఒక ఇంటర్వ్యూకి వెళ్తే, మా పేట పేరు వినగానే బల్లకి అవతల ఇద్దరు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఒక్క చెడ్డమాట లేదు. "మంచిది బాబూ" అన్నారు. ఆ నవ్వుని ఏ కాగితం మీద పెట్టను?

1989 అత్యాచారాల నిరోధక చట్టం, పదిమందికి కనపడే చోట కావాలని చేసిన అవమానాన్ని నేరం అంది. 2020లో సుప్రీంకోర్టు, బయటి సాక్షి లేకుండా నాలుగు గోడల మధ్య జరిగింది ఆ సెక్షన్ కిందికి రాదంది. నవ్వు ఒక్కదాని మీద కేసు నిలబడడం కష్టం. అందుకని తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నవ్వుతోపాటు వచ్చిన మాట, పక్కనున్నవాళ్ల పేర్లు, తేదీ, టైము అదే రోజు రాసి పెట్టుకోండి.

ఇంకో పని కూడా ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఎవరి ముందు నవ్వాల్సి వచ్చింది? నవ్వనందుకు ఏం పోయింది? పేటలో దేనికి నవ్వుకునేవాళ్లు? ఫోనులో రికార్డు చేయండి. ఏ రికార్డు గదిలోనూ దొరకని చరిత్ర అది. ఆ పెద్దవాళ్లు పోతే పోతుంది.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. చేను దానంతటది పండదు. నవ్వులపాలైనవాళ్లే దున్నాలి, వాళ్లే విత్తాలి, పండిన లెక్క వాళ్లే రాసుకోవాలి.

జై భీమ్.